ద్రాక్షతోటలూ, వలసవచ్చిన వాళ్ళూ

మన పత్రికలో గుళ్ళ గురించీ, కవుల గురించీ, పండుగల గురించీ వ్యాసాలు వస్తూనే వున్నాయి. ఈసారి మేము ద్రాక్షసారాయి గురించి వ్రాయబోతున్నాం. పెద్దలు ముఖం చిట్లించవద్దని మనవి. మేము వైద్యవృత్తిలో వున్నవాళ్ళం. తాగమని ఎవరికీ చెప్పబోవడం లేదు. తాగేవాళ్ళ కాలేయాలు ఎట్లా వుంటాయో చూసి చూసి వున్నాం కూడా. కాని ఈ దేశానికి మనకన్న ముందు వలసవచ్చిన వాళ్ళ చరిత్ర తెలుసుకోవాలంటే ద్రాక్షతోటలోకి వెళ్ళక తప్పదని మాకు ఈమధ్య తెలిసివచ్చింది. ఆ చరిత్రలో మన వూళ్ళ సంగతులు కూడా కొన్ని కలిసి వున్నాయి. అందుకని ఈ సాహసం.

ఫ్లాట్ బుష్ నుంచి పడమరగా గంటసేపు కారులో వెళితే కుమ్యూ వస్తుంది. కిందటి మార్చిలో, దేశం నుంచి వచ్చివున్న మా నాన్నగారినీ పిల్లల్నీ తీసుకుని అక్కడి తోట వొకటి చూడడానికి వెళ్ళాం. ఇక్కడ ఋతువులు తలకిందులు గదా! ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ దాకా ద్రాక్ష కోతలు. తోటమనిషి ఓపిగ్గా అంతా తిప్పి చూపించాడు. హైదరాబాదు చుట్టుపట్ల తోటల్లాగా తలపైన పందిరి వుండదు. తీగెలు వరసలుగా, కంచె కట్టినట్టు, తీగలమీద నిలబెట్టి వుంటాయి. ఎండ ఇక్కడ కరువు కనుక ప్రతి గుత్తికీ వెలుగు సోకేటట్టు ఆకులు కోసేస్తారు. మన దగ్గర ఎండ ఎక్కువ కనుక గుత్తులు పందిరి నీడలో వేలాడతాయి. చలికాలంలో తీగె నిద్రపోతుంది, అప్పుడు వొక్కసారే కత్తిరింపు. తెలంగాణాలో తీగెకు నిద్రే లేదు కనుక ఏడాదికి రెండుసార్లు, వేసవిలో వొకసారీ, వానలు వెనకపట్టాక మరొకసారీ, కత్తిరించి దారిలో పెడతారు.

ఇక సారాయి తయారయ్యే తీరు. కోసిన గుత్తుల్ని యంత్రంలో వేస్తే కాడలు వొకవైపూ పళ్ళు వొకవైపూ పడతాయి. తెల్ల వైనుకు పళ్ళను వెంటనే గానుగ పట్టి రసం మాత్రం తీసుకుంటారు. గానుగ అంటే మన ఎద్దుగానుగ కాదు. పెద్ద వుక్కు పీపాలో రబ్బరు తిత్తి వొకటి వుంటుంది, అది గాలితో వుబ్బి పళ్ళను మెల్లగా నొక్కుతుంది. గట్టిగా నొక్కితే గింజల చేదు రసంలోకి దిగుతుందట. ఎర్ర వైనుకైతే తోలుతో సహా పులియబెడతారు. ఎంత నల్లటి ద్రాక్షైనా లోపలి రసం దాదాపు తెల్లగానే వుంటుంది, రంగంతా తోలులోది. పొంగు వచ్చినప్పుడు తోళ్ళన్నీ పైకి తేలి మందంగా అట్టకడతాయి. ఆ అట్టను రోజుకు రెండు మూడుసార్లు కిందికి ముంచుతూ వుండాలి.

పండిన ద్రాక్షరసంలో లీటరుకు 220 గ్రాముల దాకా చక్కెర వుంటుంది. మధుశిలీంధ్రం, అంటే యీస్టు, ఆ చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. సుమారు 17 గ్రాముల చక్కెరకు వొక శాతం ఆల్కహాలు చొప్పున లెక్క వేసుకుంటే 12, 13 శాతం వస్తుంది. పులియడం ఆగాక మడ్డి కిందికి దిగుతుంది. పైతేటను వేరే పాత్రలోకి దించుకుంటారు. కొన్నిటిని వోక్ పీపాల్లో నెలల తరబడి వుంచుతారు. చెడిపోకుండా కొద్దిగా గంధకపు పొగ, అంటే సల్ఫర్ డయాక్సైడు, కలుపుతారు. ఇక్కడి సీసాలకు బెండు బిరడాలు అరుదు, మందు సీసాల్లాగా మరమూతలే. 2001లో ఇక్కడి ఉత్పత్తిదారులు కొందరు కూడబలుక్కుని మొదలుపెట్టిన పద్ధతి అది.

ఇదంతా మేము తెలుగులో చెబుతూ వుంటే నాన్నగారు పీపాలో నురగకేసి చూసి, ‘‘ఇది మన కల్లు లెక్కనే వున్నది కదరా! వీళ్ళు అయిదారు నెలలు చేసేది మన గౌడన్న పొద్దున్నించి మాపుదాకా చేస్తడు’’ అన్నారు. పెద్దపాప, ‘‘గౌడన్న అంటే ఎవరు తాతా?’’ అని అడిగింది. నల్లగొండ జిల్లాలో తాము పెరిగిన వూరి ఈతవనం, మోకు, ముస్తాదు, చెట్టుకు కట్టే లొట్టి, అన్నీ ఆయన చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చారు. మేము దాన్ని ఇంగ్లీషులోకి మార్చి తోటమనిషికి చెప్పాం. ‘‘యీస్టు ఎక్కణ్ణించి కలుపుతారు?’’ అని అతను ఆసక్తిగా అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే అది. కల్లుకు ఎవరూ యీస్టు కలపరు. గీసిన చోటనుంచి బొట్టు బొట్టుగా దిగే రసంలో, గాలిలో వున్నవీ, లొట్టి గోడలకు అంటుకున్నవీ అయిన సూక్ష్మజీవులే పని మొదలుపెడతాయి. యీస్టుతోపాటు కొన్ని బాక్టీరియాలు కూడా చక్కెరను ఆల్కహాలు చేస్తాయి. అందుకే కల్లు గంటల్లో తయారవుతుంది, మర్నాటికి పుల్లబడిపోతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ క్షారానికి సూక్ష్మజీవులు అణగివుంటాయి. అప్పుడు దిగేది తియ్యని నీరా, దాన్ని కాస్తే తాటిబెల్లం. ఈ కిటుకు సూక్ష్మజీవులనేవి వున్నాయని ఎవరికీ తెలియని రోజుల నుంచీ మన పల్లెల్లో వుంది. ఐరోపాలో లూయీ పాశ్చర్ వైను రోగాలమీద తన గ్రంథం అచ్చువేసింది 1866లో. పులియడం వట్టి రసాయన చర్య కాదనీ, జీవుల పని అనీ ఆయన నిరూపించాడు. ఆ పరిశోధనల దారిలోనే ఆయన సూక్ష్మజీవులవల్ల రోగాలు వస్తాయన్న సిద్ధాంతానికీ చేరాడు. కనుక మా వైద్యులందరమూ ద్రాక్షసారాయికి కొంత ఋణపడి వున్నాం. మన ఆయుర్వేదంలో ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం వున్నాయి గదా, అవీ పులియబెట్టినవే. అందులో వేసే ధాతకీ పుష్పాలు పులియడానికి తోడ్పడతాయి. ద్రాక్షారిష్టం చెంచాతో తాగే మా బామ్మగారు తాను జన్మలో మద్యం ముట్టలేదనేవారు. ఆవిడ మాట ఆవిడ లెక్కలో నిజమే.

ఇక చరిత్ర. ఈ దేశంలో మొదటి ద్రాక్షతీగెలు నాటినవాడు సామ్యూల్ మార్స్‌డెన్ అనే మతాచార్యుడు, 1819లో, ఉత్తరాన కెరికెరిలో. సారాయి తీసిన మొదటివాడుగా చెప్పుకునేది జేమ్స్ బస్బీని. 1833లో బ్రిటిష్ రెసిడెంటుగా వచ్చి వైటాంగిలో తోట వేశాడు. 1840లో ఫ్రెంచి నావికుడు ద్యుమొం ద్యుర్‌విల్ అక్కడ ఆ వైను రుచిచూసి మెచ్చుకున్నాడు. అదే వైటాంగిలో అదే సంవత్సరం మావోరీలకూ బ్రిటిషు రాణికీ మధ్య వొడంబడిక జరిగింది. ఆ వొడంబడికను తయారుచేయడంలో బస్బీ చెయ్యి కూడా వుంది. కాని ఇంగ్లీషు వలసదారులకు బీరూ విస్కీ తెలిసినంతగా ద్రాక్ష తెలియదు. తోటలు నిలబెట్టినవాళ్ళు వేరే.

ఆ కథలో ముఖ్యపాత్ర వొక పురుగుది. పేరు ఫిలాక్సెరా. మన పత్తిచేల పేనుబంకకు దాయాది. అమెరికానుంచి 1860ల ప్రాంతంలో ఐరోపాకు చేరి, ద్రాక్షవేళ్ళ రసం పీల్చి ఫ్రాన్సు తోటల్ని నాశనం చేసింది. అమెరికా ద్రాక్షవేళ్ళు మాత్రం ఆ పురుగుతో వేల ఏళ్ళుగా కలిసి బతికినవి కనుక తట్టుకుంటాయి. చివరికి దొరికిన ఉపాయం అమెరికా వేరుమీద ఐరోపా కొమ్మను అంటుకట్టడం. ఈనాటికీ ప్రపంచంలో చాలా తోటలు అట్లా అంటుకట్టినవే.

ఆడ్రియాటిక్ సముద్రపు వొడ్డున డాల్మేషియా అనే ప్రాంతం వుంది. ఇప్పుడది క్రొయేషియాలో భాగం, అప్పుడు ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో వుండేది. ఫ్రాన్సు తోటలు పోయినప్పుడు డాల్మేషియా సారాయికి గిరాకీ పెరిగి, రైతులు వున్న నేలంతా ద్రాక్ష వేశారు. తరువాత రెండు దెబ్బలు తగిలాయి. 1891 చివర ఇటలీతో కుదిరిన వాణిజ్య వొప్పందం చవక ఇటాలియన్ సారాయిని లోపలికి వదిలింది. ఆ వెనకే పురుగు అక్కడికీ చేరింది. అప్పులు మిగిలాయి, కుర్రవాళ్ళు వోడలెక్కారు. అట్లా వేలమంది న్యూజీలాండు ఉత్తర ప్రాంతాలకు వచ్చి, బురదనేలల్లో నుంచి కౌరీ చెట్ల పాతబంక తవ్వే పనిలో దిగారు. వార్నిషుల తయారీకి ఆ బంకకు మంచి ధర వుండేది.

వాళ్ళకు దక్కిన ఆదరణ మనం తెలుసుకోవలసింది. తవ్వేది బాగా తవ్వుతున్నారని, సంపాదించింది ఇంటికి పంపుతున్నారని ఫిర్యాదులు. 1898లో చట్టంచేసి సర్కారు బంకనేలల్ని బ్రిటిషు ప్రజలకే ప్రత్యేకించారు. 1914లో యుద్ధం రాగానే, తాము వదిలిపెట్టి వచ్చిన ఆస్ట్రియా పేరుతోనే శత్రుదేశస్థులని ముద్ర వేశారు. మనవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మనకు దక్షిణాన అరగంట దూరంలో వున్న పుకెకోహేలో, కూరగాయల పొలాల్లో పనిచేసే చీనావాళ్ళనూ భారతీయులనూ వెళ్ళగొట్టాలని 1926లో ‘వైట్ న్యూజీలాండ్ లీగ్’ అనే సంఘం నడిచింది. ఆ భారతీయులు ఎక్కువగా గుజరాతీలూ పంజాబీలూ. ఇవాళ మనం ఇక్కడ ఇళ్ళు కొనుక్కుని పిల్లల్ని బడికి పంపుతున్నామంటే, ఆ పొలాలు వదలకుండా నిలబడినవాళ్ళ పుణ్యం అందులో కొంత వుంది.

బంక తవ్వగా మిగిలిన డబ్బుతో డాల్మేషియన్లు ఆక్లండు పడమటి దిక్కున చవక నేలలు కొని, తమకు చేతనైన పని మొదలుపెట్టారు. యోసిప్ బాబిచ్ 1910లో పధ్నాలుగేళ్ళ వయసులో వచ్చి, 1916లో తన మొదటి సారాయి తీశాడు. ఆ కుటుంబపు సంస్థ నూరేళ్ళు దాటి నడుస్తోంది. లెబనాన్ నుంచి వచ్చినవాడు అసిద్ అబ్రహాం కోర్బన్. 1892లో వచ్చి వూరూరా బట్టలు మూటకట్టుకుని అమ్మి, 1902లో హెండర్సన్‌లో నాలుగు హెక్టార్లు కొని, తన దేశపు కొండ పేరే తోటకు పెట్టుకున్నాడు. వీళ్ళకు శాస్త్రం చెప్పగల మనిషి కూడా ఆ సముద్రం వాడే. రోమియో బ్రగాటో 1895లో ఈ దేశమంతా తిరిగి ఎక్కడెక్కడ ద్రాక్ష పండుతుందో నివేదిక ఇచ్చాడు. ఆక్లండు తోటల్లో ఫిలాక్సెరాను గుర్తుపట్టి, అంటుకట్టి తీరాలన్నాడు. 1902లో ప్రభుత్వం ఆయన్ను ద్రాక్షనిపుణుడుగా నియమించింది. కాని దేశంలో గాలి మద్యనిషేధం వైపు వీస్తున్న రోజులు. పై అధికారుల సహకారం తగ్గి, 1909లో విసిగి వెళ్ళిపోయాడు.

ఈ నిషేధోద్యమాన్ని తేలికగా తీసిపారేయడం మాకు చేతకాదు. 1893లో ప్రపంచంలో అన్ని దేశాలకన్న ముందు ఇక్కడి ఆడవాళ్ళకు వోటు రావడానికి మూలం కేట్ షెపర్డ్, ఆమె వెనక వున్న మహిళా మద్యవర్జన సంఘం. మగవాళ్ళ జీతాలు పానశాలల్లో పోతూవుంటే, వోటు వుంటేనే దాన్ని ఆపగలం అని వాళ్ళు తేల్చుకున్నారు. సరిగ్గా 99 సంవత్సరాల తరువాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకున్న పాఠాల్లో సారావల్ల కూలిన సంసారం కథ వుంది. పలకమీద అక్షరాలు దిద్దుకుంటూ దూబగుంట రోశమ్మ వంటివాళ్ళు తమ కథే చదువుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. కేట్ షెపర్డ్‌కు రోశమ్మ తెలియదు, రోశమ్మకు కేట్ షెపర్డ్ తెలియదు. ఇద్దరూ ఎదిరించినది మాత్రం వొకే దుఃఖాన్ని.

అయితే ఆ నిషేధగాలి తగిలినవాళ్ళలో కోర్బనూ వున్నాడు. 1908 వోటింగులో హెండర్సన్ వుండే నియోజకవర్గం మద్యం దుకాణాలు వద్దంది. దానితో కోర్బన్ తన తోటలో తన సారాయి అమ్ముకోవడానికి వీలులేకపోయింది. నియోజకవర్గపు పొలిమేర రైలుకట్ట. ఆయన కట్టకు అవతల వొక గది కట్టి అక్కడ అమ్మాడు! 1919 ఏప్రిల్‌లో దేశమంతటా నిషేధంమీద వోటింగు జరిగింది. ఇంటివద్ద పడిన వోట్లలో నిషేధానికి 2,46,104, వ్యతిరేకంగా 2,32,208. యుద్ధంనుంచి ఇంకా ఇల్లు చేరని సిపాయిల వోట్లు వచ్చి కలిశాక ఫలితం తారుమారైంది. 10,362 వోట్ల తేడాతో తోటలు బతికాయి. పానశాలలు సాయంత్రం ఆరింటికే మూయాలన్న 1917నాటి నిబంధన మాత్రం 1967 దాకా వుంది. అయిదింటికి పని దిగి ఆరింటిలోపల గడగడా తాగేసి ఇళ్ళకు చేరే అలవాటు రెండు తరాలు సాగింది. మద్యం విషయంలో చట్టం చేయడమెంత కష్టమో, మన హైదరాబాదుకన్న ముందే ఇక్కడివాళ్ళు నేర్చుకున్నారు.

తరువాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. చాలాకాలం ఇక్కడి సారాయికి ‘డాలీ ప్లాంక్’ అని హేళన పేరు, డాల్మేషియావాళ్ళు కాచే నాసిరకం సరుకని అర్థం. 1973లో ఆ డాల్మేషియా సంతతివాడే అయిన ఫ్రాంక్ యుకిచ్ దక్షిణ దీవిలోని మార్ల్‌బరోలో గొర్రెల మేతబీళ్ళు కొని తోటలు వేయించాడు. మొదట వింతగా చూశారు. ఇప్పుడు దేశంలో తయారయ్యే వైనులో మూడింట రెండువంతులకు పైగా అక్కడిదే. మధ్యలో 1986లో పంట మరీ ఎక్కువై, ప్రభుత్వమే డబ్బిచ్చి దాదాపు నాలుగో వంతు తోటల్ని పీకించింది కూడా.

మనకు దగ్గరి వూరు మాంగెరె. అక్కడ 1961లో జార్జ్ ఫిస్టోనిచ్ అనే ఇరవైయొక్కేళ్ళ కుర్రవాడు, వడ్రంగం నేర్చినవాడు, తండ్రి దగ్గర రెండు హెక్టార్లు కౌలుకు తీసుకుని విల్లా మరియా మొదలుపెట్టాడు. వాళ్ళదీ డాల్మేషియా నుంచి వచ్చిన కుటుంబమే. 2005లో వైటోమోకియా అనే పాత అగ్నిపర్వతపు గుండంలో గొప్ప భవనం కట్టారు. 2009లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 2021లో ఆ సంస్థ అప్పులవాళ్ళ అధీనంలోకి వెళ్ళి చేతులు మారింది. మాంగెరె నేల పరిశ్రమలకోసం అమ్ముడుపోయింది. విమానాశ్రయానికి వెళ్ళే దోవలో మనలో చాలామంది ఆ తీగెల వరసలు చూసే వుంటారు. హెండర్సన్ తోటలు అంతకు చాలాముందే ఇళ్ళ స్థలాలైపోయాయి. కోర్బన్‌గారి ఇల్లు మాత్రం కళాకేంద్రంగా నిలిచివుంది, వెళ్ళి చూడవచ్చు. మనం వుండే ఫ్లాట్ బుష్ కూడా 2000 ప్రాంతం దాకా పశువుల బీళ్ళూ పొలాలూ. అంతకుముందు అడవి, మావోరీల నేల. మన ముందుగదిలో మనం తివాచీ పరచుకున్న చోట ఎవరో వొకరు ఏదో వొకటి పండించే వుంటారు.

ఇదే కథ మనకు వెనక దేశంలోనూ జరిగింది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో తన తోటలో వొక ద్రాక్ష తెచ్చి పెంచాడు. లేత పసుపు రంగు, పెద్ద పండు, ‘అనాబ్-ఎ-షాహీ’ అని పేరు, అంటే రాజద్రాక్ష. దానినుంచే పట్నం చుట్టూ తోటలు పుట్టాయి. రాతికడీలమీద పందిళ్ళు, మాఘ ఫాల్గుణాల్లో తోటగుమ్మం దగ్గరే కాటా పెట్టి అమ్మకాలు. అవి సారాయికి కాదు, తినడానికే. నాన్నగారి మాటల్లో చెప్పాలంటే, ఎల్.బి. నగర్ దిక్కున, మేడ్చల్ దిక్కున బస్సు కిటికీలోంచి పందిళ్ళే కనబడేవి. ఇప్పుడు అక్కడ వున్నవి కాలనీలు, అపార్టుమెంట్లు. వాటిలో కొన్ని మనలాంటి వాళ్ళం ఇక్కడినుంచి డబ్బు పంపి కొన్నవే. రెండు దేశాల్లోనూ తోటలు పోయి ఇళ్ళు వచ్చాయి, రెండు చోట్లా ఇళ్ళు కొన్నవాళ్ళలో మనం వున్నాం. దీన్ని తప్పు అనడం లేదు. మనిషికి ఇల్లు కావాలి. కాని మన పిల్లలకు ఈ రెండు తోటల్లో వొకటీ తెలియకుండా పోవడం మాకు కష్టంగా వుంది.

వైద్యులుగా వొక మాట చెప్పి తీరాలి. ఎర్ర వైను గుండెకు మంచిదని 1990లలో బాగా ప్రచారం జరిగింది. తరువాతి పరిశోధనల్లో అది నిలబడలేదు. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని కాన్సరు కారకాల జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది. ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు లేదని 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పింది. మన వాళ్ళకు మధుమేహమూ, కాలేయంలో కొవ్వూ మామూలే కనుక ఇంకా జాగ్రత్త అవసరం. తోటలో రుచికి పోసి ఇచ్చే గుటకెడు వైను ఎవరి ఇష్టం వారిది. మా నాన్నగారు వాసన చూసి పక్కన పెట్టి, ‘‘పుల్లబడ్డది’’ అన్నారు. తోటమనిషికి మేము దాన్ని అనువదించలేదు.

చివరగా పాఠకులకు వొక విన్నపం. కోర్బన్ మనుమలూ, బాబిచ్ మనుమలూ తమ తాతలు ఏ వోడలో వచ్చారో, ఎన్ని ఎకరాలు ఎంతకు కొన్నారో వ్రాసి పెట్టుకున్నారు. అందుకే వాళ్ళ తోటలు పోయినా కథ మిగిలింది, మనం ఇవాళ చెప్పుకోగలిగాం. హైదరాబాదు చుట్టూ వున్న ద్రాక్షతోటల గురించి అట్లా వ్రాసి పెట్టినది తక్కువ. మన సంఘంలో ఆ తోటలున్న కుటుంబాల వాళ్ళుగాని, వాటిలో కూలికి వెళ్ళినవాళ్ళుగాని, సెలవుల్లో అక్కడ పళ్ళు తిన్న జ్ఞాపకం వున్నవాళ్ళుగాని తప్పక వుంటారు. ఏ వూరు, ఎన్ని కడీలు, కత్తిరింపు ఎప్పుడు, మణుగు ఎంతకు అమ్మేవారు, తోట ఎప్పుడు అమ్మేశారు, ఇప్పుడక్కడ ఏముంది? రెండు పేజీలైనా చాలు. దేశం నుంచి తల్లిదండ్రులు వచ్చివుంటే వాళ్ళను కూర్చోబెట్టి అడిగి వ్రాయండి. గీతవృత్తి కుటుంబాల వాళ్ళుంటే కల్లు గీసే పద్ధతి, చెట్టు ఎంపిక, కత్తి నూరడం దగ్గరనుంచి వ్రాసి పంపండి. ఆ విద్య కూడా ఇక్కడి పిల్లలకు తెలియాలి. వచ్చినవన్నీ రాబోయే సంచికల్లో వరసగా వేద్దామని సంపాదకులు వొప్పుకున్నారు.